ముక్కుకు అందని గాలి

వాసన ఉన్న గదిలో కూర్చొని పనిచేసే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా నాయనకు గాని, ఆయన నాయనకు గాని రాని జబ్బు నాకు వచ్చింది. అది వచ్చిన దారి నాకు ఇప్పుడు తెలుసు. తెలియడానికి పట్టిన కాలమంతా డైరీల్లో ఉంది. ఆ పేజీలు ముందు పెట్టుకొని, మందుల పేర్లూ పరీక్షల అంకెలూ వదిలేసి, జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇప్పుడు 2007. కర్ర లేకుండా బజారుకు పోయి కూరగాయలు తెచ్చుకుంటున్నాను. ఎడమ కాలి చివరి రెండు వేళ్లకు మాత్రం ఇంకా నేల తెలియదు. ఎవరైనా వాటి వంక చూసి "పాపం, వయసు" అంటే నాకు కోపం వస్తుంది. అది వయసు చేసిన పని కాదు.

నేను డోన్ మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు వేరుశనగ గ్రేడరుగా పనిచేశాను. కుప్పలోంచి పిడికెడు గింజలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి ఎంతుందో, బూజు పట్టిందో లేదో, పోయినేటి సరుకు కలిపారో లేదో చెప్పేవాడిని. రైతులు, వ్యాపారులు ఇద్దరూ ఒప్పుకొనేవారు. నాకు ఒక గర్వం అంటూ ఉంటే అది నా ముక్కు గురించే.

2002లో రిటైరయ్యాను. ఖాళీగా కూర్చోవడం చేతకాని మనిషిని. మా అల్లుడు శ్రీధర్ ఊరి బయట ఒక నూనె ఫ్యాక్టరీలో గుమాస్తా. గానుగ మిల్లుల్లో నూనె తీశాక మిగిలిన వేరుశనగ చెక్క అక్కడికి వస్తుంది. అందులో ఇంకా మిగిలివున్న నూనెను హెక్సేన్ అనే ద్రవంతో కడిగి లాగుతారు. చూడటానికి నీళ్లలా ఉంటుంది, పెట్రోలు వాసన వేస్తుంది. అందరూ దాన్ని పెట్రోలనే అనేవాళ్లు. నూనె లాగాక ఆ ద్రవాన్ని ఆవిరి పట్టించి తీసేస్తే మిగిలే పిండి పశువుల దాణాకు పోతుంది. ఆ ఫ్యాక్టరీ యజమాని శెట్టి నన్ను యార్డు రోజుల నుంచీ ఎరిగినవాడు. "మా పిండికి నీ ముక్కు కావాలప్పా గ్రేడరూ" అన్నాడు. చేరిపోయాను.

పిండిలో నూనె ఎంత మిగిలిందో చూడటానికి గాజు సామాను, త్రాసు ఉన్నాయి. ద్రవం వాసన మిగిలిందో లేదో చూడటానికి నేనున్నాను. సంచి కుట్టే ముందు పిడికెడు పిండి, ముక్కు దగ్గర, రెండు ఊపిరులు. వాసన వస్తే సంచి వెనక్కి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. యార్డులో గింజలకు చేసిందే ఇక్కడ పిండికి చేశాను.

నా గది చిన్నది. ఆషాఢం గాలికి త్రాసు నిలబడదని కిటికీ మూసి చీల బిగించాను. ఆ చీల ఆషాఢం పోయాక కూడా తీయలేదు, ఎందుకంటే మా దగ్గర దుమ్ముకు నెలలు లేవు. చేతులకు నూనె అంటితే సబ్బుతో పోదు. మూలన ఒక మగ్గులో అదే ద్రవం ఉండేది. అందులో చేతులు ముంచితే అద్దంలా తేటపడేవి. పనివాళ్లందరూ వచ్చి అందులోనే కడుక్కొనేవారు.

ప్రమాదం తెలియదా అంటే తెలుసు. మాకు తెలిసిన ప్రమాదం ఒక్కటే, నిప్పు. "బీడీ, అగ్గిపెట్టె నిషేధం" అని గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది. గేటు దగ్గర జేబులు తడిమేవారు. బీడీ ముట్టించబోయిన లారీ డ్రైవరును నేనే ఒకసారి రెక్క పట్టుకొని బయటికి నెట్టాను. నిప్పు లేదు కాబట్టి భయం లేదనుకొని ఆ గదిలో రెండేళ్లు కూర్చున్నాను. మొదట్లో ఉదయం తలుపు తీయగానే వాసన గుప్పున కొట్టేది. కొన్నాళ్లకు కొట్టడం మానేసింది. గది బాగుపడిందనుకున్నాను.

2004 వేసవి. ఒకనాడు ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ సరోజమ్మ వాకిట్లో నిలబడి నా కాళ్ల వంక చూసింది.

"ఏమయ్యా, ఒక చెప్పు యాడ దానం చేసొచ్చినావు?"

కిందికి చూస్తే కుడి కాలికి చెప్పు లేదు. మే నెల ఎండలో, కాలిన దారిలో, ఎంత దూరం అలా నడిచానో తెలియదు. అరికాలు బొబ్బ కట్టింది. మంట మాత్రం లేదు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆరోజు డైరీలో "కుడి చెప్పు పోయెను. కొత్త జత కొనవలెను" అని మాత్రమే రాసి ఉంది. కాలు సంగతి రాయలేదు.

జూన్ పేజీల్లో "విప్పని మేజోళ్లు వేసుకున్నట్టు ఉన్నది" అని ఉంది. జూలైలో "చొక్కా గుండీలు పెట్టుట కష్టము". ఆగస్టులో నా చేతిరాత మారింది. మాటలు చూడనక్కరలేదు, అక్షరాలే చెబుతాయి.

డోన్‌లో డాక్టరు దగ్గరికి పోయాను. బెంచీల మీద చోటు లేక మెట్ల మీద కూర్చున్నాం. ఆయన నా వయసు అడిగి, కాలు ఒకసారి నొక్కి, "షుగర్" అన్నాడు. రక్తం పరీక్ష చేస్తే షుగర్ లేదు. వారం ఆగి మళ్లీ చేశారు. లేదు. ఇంకొక డాక్టరు నరాల బలహీనత, వయసులో మామూలే అని బలం మాత్రలు రాశాడు. మా ఆవిడ మాత్రం ఆనాటి నుంచి నా కాఫీలో చక్కెర మానేసింది.

"షుగర్ లేదని రెండుసార్లు చెప్పినారు గదే!"

"కాగితంలో లేకుంటే ఏమి, ఒంట్లో ఉండకూడదా? డాక్టరు నోటితో ఆ మాట ఊరికే అంటాడా?" అంది.

మూడు నెలలు చేదు కాఫీ తాగాను.

డిసెంబరులో బస్సు దిగుతూ పడ్డాను. కాలు నేలను తాకిందో లేదో తెలియక రెండో అడుగు వేశాను. మోకాలు చీరుకుపోయింది. దాంతో పని మానేశాను. నా కుర్చీలోకి యేసుదానం వచ్చాడు. అంతవరకు సంచులు నింపే పని చేసేవాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, చర్చి వీధిలో ఉంటాడు, మాటకారి. పని మానే ముందు పది రోజులు అతనికి నేనే నేర్పాను. పిడికిలి ఎంత బిగించాలి, ముక్కుకు ఎంత దగ్గర పెట్టాలి, ఊపిరి ఎంత లోతుగా లాగాలి. "ఇంకా లోతుగా పీల్చప్పా" అని గద్దించినట్టు నాకు బాగా గుర్తుంది.

2005 జనవరి, ఫిబ్రవరి నా జీవితంలో అన్నిటికంటే చెడ్డ నెలలు. పని మానేశాను కదా, తగ్గుతుందనుకున్నాను. పెరిగింది. పాదం పైకి లేవడం మానేసింది. నడుస్తుంటే నేలకు ఈడ్చుకొనేది. చేతిలోంచి గ్లాసు జారిపోయేది. స్నానానికి సరోజమ్మ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. నేను ఆమె మీద అరిచాను. నీళ్లు వేడిగా ఉన్నాయని అరిచాను, చల్లగా ఉన్నాయని అరిచాను. నిజానికి వేడో చల్లనో నాకు తెలియలేదు, అందుకే అరిచాను. ఒకరోజు ఆమె చెంబు కింద పెట్టి, "నీ కాళ్లు పోయినాయని నా చెవులు కూడా పోగొడతావా?" అని బయటికి వెళ్లి వాకిట్లో కూర్చుంది. నేను తడి ఒంటితో గోడ పట్టుకొని నిలబడ్డాను. చాలాసేపటికి ఆమే వచ్చి తువ్వాలు ఇచ్చింది. ఆరోజు డైరీ ఖాళీ.

అప్పుడు నా భయం ఒక్కటే. నడక పోతుందని. నడక పోయిన తర్వాత నేనెవరిని అనేది ఆలోచించడానికి కూడా ధైర్యం లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చి అయిపోయాక యేసుదానం చూడటానికి వచ్చాడు. అరటిపళ్లు తెచ్చాడు. ఫ్యాక్టరీ కబుర్లు చెప్పి నవ్వించాడు. పోయే ముందు చేతులు దులుపుకుంటూ అన్నాడు:

"సారూ, నాకూ వేళ్లు జోము పడతాండాయి. పొద్దున్నే గోనె సూది పట్టుకుంటే సూది ఉండాదో లేదో తెలీదు. మీ కుర్చీలో ఏమన్నా దయ్యముండాదా ఏంది?"

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. తిమ్మిరి వదలాలని నేనూ అచ్చం అలాగే చేతులు దులుపుకొనేవాడిని. ఆ కుర్చీలో కూర్చున్న ఇద్దరికీ అదే తిమ్మిరి. నాకు అరవై దాటాయి, అతనికి నలభై లేవు. ఇద్దరిదీ ఒకే జబ్బయితే దానికి వయసు కారణం కాదు.

డోన్‌లో అప్పటికి ఒక ఇంటర్నెట్ సెంటరు ఉండేది. బట్టల కొట్టు పైన, మొదటి అంతస్తులో. అంతకుముందు అది టెలిఫోన్ బూత్. నిట్టనిలువు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. నేను కింది మెట్టు మీద కూర్చొని, వెనక్కి తిరిగి, చేతులు ఊనుకుంటూ ఒక్కో మెట్టూ కూర్చునే ఎక్కాను. బట్టల కొట్టుకు వచ్చినవాళ్లు చూశారు. చూడనీ అనుకున్నాను. పంచె వెనక అంతా దుమ్ము.

సెంటరు నడిపే ఆమె పేరు పర్వీన్. ముప్పై దాటిన మనిషి. పైమెట్టు మీద నన్ను చూసి పరుగెత్తుకొచ్చి లేపి కుర్చీ వేసింది.

"ఎవరి రిజల్టు చూడాల పెద్దనాయనా?"

"నా కాళ్ల రిజల్టమ్మా."

ఆమె నవ్వలేదు. చెప్పమంది. చెప్పాను. మొదట కాళ్ల తిమ్మిరి అని ఇంగ్లీషులో కొట్టి వెతికింది. ఒక్కో పేజీ తెరుచుకోవడానికి ఒక్కో తమలపాకు నమలొచ్చు. వచ్చినవన్నీ తైలాలు అమ్మేవాళ్ల పేజీలు, మళ్లీ షుగరు, ఇంకా నిద్ర పట్టకుండా చేసే పెద్ద జబ్బుల పేర్లు. రెండు రోజులు అదే. మూడో రోజు నాకు తట్టింది, జబ్బును కాదు వెతకాల్సింది, ఆ ద్రవాన్ని అని.

"హెక్సేన్ అని కొట్టి చూడమ్మా. దాంతో పనిచేసే వాళ్లకు ఏమైతాదో అడుగు."

ఈసారి వచ్చిన పేజీలు వేరు. రంగులు లేవు, అమ్మకాలు లేవు. ఒకటి ఆ ద్రవాన్ని తయారుచేసే కంపెనీ రాసుకున్న జాగ్రత్తల కాగితం. నాది పాతకాలపు ఎస్సెల్సీ ఇంగ్లీషు, పర్వీన్‌ది ఇంటర్మీడియట్. మధ్యలో డిక్షనరీ పెట్టుకొని ఇద్దరం వరుస వరుసా చదివాం. మొదట నిప్పు గురించి ఉంది. అది నాకు తెలుసు. తర్వాత, ఎక్కువకాలం పీలిస్తే చేతుల, కాళ్ల నరాలు దెబ్బతింటాయని ఉంది. చర్మానికి తగలనీయొద్దని ఉంది. దీని ఆవిరి గాలికంటే బరువైనది, కిందికి దిగి నేలను పట్టుకొని ఉంటుందని ఉంది. వాసనను నమ్ముకోవద్దని, ముక్కు అలవాటుపడిపోతుందని ఉంది.

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. గది బాగుపడలేదు. నా ముక్కు పాడైంది. ముప్పై ఏళ్లు ఊరంతా నమ్మిన ముక్కు.

ఒక్క కాగితాన్ని నమ్మి ఊరుకోలేదు. ఇంకొక దేశపు ప్రభుత్వం పనివాళ్ల ఆరోగ్యం కోసం పెట్టిన పేజీ చూశాం. డాక్టర్లు రాసుకున్నది ఇంకొకటి చూశాం. ఈ ద్రవం కలిసిన బంకతో చెప్పులు అంటించే పనివాళ్లకు ఇదే తిమ్మిరి వచ్చిందని అందులో ఉంది. అందులోనే ఇంకొక వాక్యం. పర్వీన్ దాన్ని రెండుసార్లు చదివి నా వైపు తిరిగింది.

"పెద్దనాయనా, ఈడ సూడు. ఆ పని మానేసినాంక కూడా కొన్ని నెలలు ఎక్కువైతాదంట. ఆ తర్వాత మెల్లగా తగ్గుతాదంట."

"మల్ల సదువు."

"తగ్గుతాదని రాసినారు. శానా మెల్లగా, అంతే."

నేను కిటికీ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాను. ప్రింటరులో ఇంకు లేదు. నాలుగు పేజీలు చేత్తో రాసుకున్నాను. పెన్ను జారినప్పుడల్లా పర్వీన్ తీసి నా వేళ్ల మధ్య పెట్టింది. దిగేటప్పుడు నా ముందు రెండు మెట్లు కింద నిలబడి, నేను పడితే తన మీద పడేలా వెనక్కి నడుస్తూ దిగింది. మరుసటి రోజు నుంచి కింద బట్టల కొట్టులో స్టూలు వేయించి, పేజీలు చదివి రాసుకొని తనే దిగి వచ్చేది.

ఆ జాగ్రత్తల కాగితం కింద ఒక మాట ఉంది: సరుకు కొన్న ప్రతివాడికీ ఈ కాగితం అందాలి. అయితే మా ఫ్యాక్టరీకి అందలేదా? ఇంటికి వచ్చి 2003 డైరీ తీశాను. ట్యాంకర్లు వచ్చిన రోజున సరుకు సరిచూసే పని కొన్నాళ్లు నాదే. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ట్యాంకరు వచ్చెను. డ్రైవరు ఇచ్చిన కాగితములు ఆరు. లెక్క సరిపోయినది. సంతకము చేసి ఆఫీసుకు పంపితిని."

ఇంకా కొన్ని చోట్ల అదే వాక్యం. కాగితాలు ఎన్ని వచ్చాయో ప్రతిసారీ రాశాను. ఏ ఒక్కసారీ చదవలేదు. నా కాళ్ల సంగతి నా చేతుల మీదుగానే ఫైలులోకి పోయింది. నేను పద్ధతైన మనిషినని పేరు. ఆ పద్ధతే నన్ను ముంచింది. కాగితం వస్తే ఎక్కించుకోవడం, దాచడం, తాడు కట్టడం, అంతవరకే నా పద్ధతి. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను. మీ దగ్గర కూడా ఎక్కడో ఒక ఫైలు ఉంటుంది.

సాయంత్రం శ్రీధర్‌ను పిలిపించాను. డైరీ చూపించాను. అతను ఆ వాక్యం కింద వేలు పెట్టి చదివాడు.

"ఉండాయి మామా. ఆ కాగితాలు ఫైల్లోనే ఉండాయి. బెజ్జాలు కొట్టి నేనే పెట్టినా."

"నాకు ఒక కాపీ కావాలప్పా."

"శెట్టికి తెలిస్తే నన్ను ఆ పొద్దే పొమ్మంటాడు. ఇద్దరు పిల్లోళ్లు ఉండారు నాకు. నీకు తగ్గుతాదని నువ్వే చెప్తాండావు గదా, ఇంగ ఏంటికి మామా ఇదంతా?"

"నా కాళ్ల కోసం కాదు. నా కుర్చీలో ఇంకొకడున్నాడు."

"వాడు నీకేమైతాడు?"

"వానికి పీల్చేది నేర్పింది నేను."

అతను లేచి వెళ్లిపోయాడు. మా అమ్మాయి విజయ నెలన్నర మా ఇంటి గడప తొక్కలేదు. సరోజమ్మ నాతో మాట్లాడుతూనే ఉంది గాని, అన్నం వడ్డించేటప్పుడు గరిటె చప్పుడు ఎక్కువైంది.

ఏప్రిల్‌లో కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లాం. వరండాలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. పక్కన కోయిలకుంట్ల నుంచి వచ్చిన ముసలామె తన సద్దిలోంచి జొన్నరొట్టె విరిచి మాకు పెట్టింది. నా వేళ్లు పట్టలేకపోతుంటే చూసి, ఏమీ అడగకుండా, ముక్కలు చేసి అరచేతిలో పెట్టింది. ఆమె పేరు అడగలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, అడగాల్సింది.

లోపల ఒక డాక్టరమ్మ. నేను రాసుకున్న నాలుగు పేజీలు ముందు ఆమె చేతిలో పెట్టాను. ఆమె కూర్చొని మొత్తం చదివింది. అప్పుడు తలెత్తి, "మీరు ఏం పని చేసేవారు?" అని అడిగింది. ఏడాదిలో ఆ ప్రశ్న అడిగిన మొదటి డాక్టరు ఆమె. నేనూ అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, అది కూడా నిజమే. నరాలకు కరెంటు పెట్టి చూసే పరీక్ష చేయించింది. తర్వాత పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమంది. నిలబడ్డాను. కళ్లు మూసుకోమంది. మూసుకున్న మరుక్షణం గది పక్కకు ఒరిగిపోయింది. ఆమె పట్టుకోకపోతే పడేవాడిని.

"మీ పాదాలు నేల గురించి మీకు చెప్పడం లేదు. కళ్లు చెబితేనే నిలబడుతున్నారు" అంది. "తగ్గుతుంది. ఏడాది, ఇంకా ఎక్కువ పట్టొచ్చు. నడక మానకండి."

వెళ్లబోతుంటే పిలిచింది. "ఆ గదిలో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు?"

ఆ ప్రశ్న తలలో పెట్టుకొని ఇంటికి వచ్చాను. వారం కూర్చొని ఆ జాగ్రత్తల కాగితాన్ని తెలుగులో రాశాను. శెట్టికి పోస్టులో పంపాను. జవాబు లేదు. యేసుదానాన్ని పిలిచి చదివి వినిపించాను. విన్నాడు. "అయితే నేను మానేయాలంటావా సారూ? ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టిస్తారు?" అన్నాడు. మే నెలాఖరుకు అతని కాళ్లకు కూడా మొదలైంది.

జూన్‌లో ఒక ఉదయం ఆటోలో ఫ్యాక్టరీ గేటు దాకా పోయి, అక్కడ దిగి, కర్ర పట్టుకొని లోపలికి నడిచాను. పాదం ఈడ్చుకుంటోంది. సరోజమ్మ వెనకే వచ్చింది, వద్దన్నా వినలేదు. శెట్టి ఆఫీసులో ఉన్నాడు. పక్క బల్ల దగ్గర శ్రీధర్ తలవంచుకొని రాసుకుంటున్నాడు.

"రాప్పా గ్రేడరూ! నడిచే వచ్చినావు గదప్పా! కాళ్లు పోయినాయని ఊరంతా సెప్తాండావంట?"

"నా ఉత్తరం అందిందా శెట్టీ?"

"అందింది. కంప్యూటర్లో ఎవడో ఏదో రాస్తాడు. దాన్ని పట్టుకొని నా ఫ్యాక్టరీ మూయాల్నా?"

"రాసింది ఎవడో గాదు. నీకు సరుకు అమ్మినోడు. నీ ఫైల్లోనే ఉండాది."

"నా ఫైల్లోనా? యాడుండాది, సూపించు."

నేను శ్రీధర్ వైపు చూడలేదు. చూడకూడదని ఇంటి దగ్గరే అనుకొని బయల్దేరాను. బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది. శ్రీధర్ ఫైలు తెచ్చి శెట్టి ముందు పెట్టి, పేజీ తిప్పి, పోయి తన కుర్చీలో కూర్చున్నాడు.

శెట్టి పేజీలు చూశాడు. ఫైలు మూశాడు. "ఏదన్నా గానీప్పా. నీకు అరవై దాటినాయి. కాళ్లు తిమ్మిరెక్కే వయసే అది. దానికి నా ఫ్యాక్టరీ ఏం చేస్తాది?"

"యేసుదానాన్ని పిలిపించు. ముగ్గురం ఒక పని చేద్దాం."

యేసుదానం వచ్చాడు. వెనకే సంచులు కుట్టే ఆడవాళ్లు నలుగురు వాకిట్లో నిలబడ్డారు. నేను చెప్పాను: పాదాలు జంటగా పెట్టి నిలబడాలి, కళ్లు మూసుకోవాలి. ముందు నేనే మూసుకున్నాను. ఒరిగిపోయాను. సరోజమ్మ పట్టుకుంది.

"నీ సంగతి తెలిసిందే గదప్పా" అన్నాడు శెట్టి.

"ఇప్పుడు నువ్వు."

"నాకేం రోగం?" అంటూనే లేచాడు. పంతం ఉన్న మనిషి. యాభై ఆరేళ్లు, పొట్ట, బీపీ. పాదాలు జోడించి కళ్లు మూసుకొని స్తంభంలా నిలబడ్డాడు. వాకిట్లో ఒకామె, "శెట్టి గుళ్లో సామి మాదిరి నిలబడినాడే" అంది. అందరూ నవ్వారు. శెట్టీ నవ్వుతూ కళ్లు తెరిచాడు.

"ఇంగ నువ్వప్పా యేసుదానం."

అతను నవ్వుతూనే నిలబడ్డాడు. నవ్వుతూనే కళ్లు మూసుకున్నాడు. ముందు కొంచెం ఎడమకు ఊగాడు, సర్దుకున్నాడు. మళ్లీ ఊగాడు. మూడోసారి చెయ్యి చాచి గాలిలో దేన్నో వెతికి, బల్ల అంచు పట్టుకున్నాడు. కళ్లు తెరిచాడు. అప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు.

"ముప్పై ఆరేళ్లు వీనికి" అన్నాను. "వయసే చేస్తే నువ్వు ఊగాల, శెట్టీ. నువ్వు ఆ గదిలో ఎన్నడూ కూర్చోలేదు. అందుకే నిలబడినావు."

వాకిట్లో ఒకామె మెల్లగా పాదాలు జోడించి కళ్లు మూసుకుంది. ఆమె పక్కనున్నామె కూడా. శెట్టి వాళ్లను చూశాడు.

"నేను ఆ గదిలోకి పోను" అన్నాడు యేసుదానం. గట్టిగా అనలేదు. "పని మానేమంటే మానేస్తా. ఆ గదిలోకి మాత్రం పోను."

శెట్టి కుర్చీలో కూలబడ్డాడు. "సరే. ఆ కిటికీ తెరిపిస్తా, ఇంగేమి."

"కిటికీ పైనుండాది. ఇది నేలకు దిగే గాలి. కింద దారి కావాల. కరెంటు ఫ్యాను ఊరికే తగిలిస్తే నిప్పురవ్వ వస్తాది, దానికి వేరే రకముండాదంట, అది తర్వాత తెప్పించు. ముందు గోడ కొట్టించు. ఆ మగ్గు ఈ పొద్దే పారేయించు. పిడికెడు పిండి ముక్కు కాడ పెట్టుకునేది ఇంగ ఎవ్వరూ చేయకూడదు, దానికి పరీక్షలుండాయి."

"అన్నీ రాసుకొచ్చినట్టున్నావే!"

"రాసుకొచ్చినా."

యేసుదానం ఆ ఏడాది అంతా ఆరుబయట సంచుల దగ్గరే పనిచేశాడు. అతని వేళ్లు, కాళ్లు దీపావళి దాటాక తిరిగి వచ్చాయి. నాకు ఇంకా ఏడాదిన్నర పట్టింది. శ్రీధర్ ఉద్యోగం పోలేదు, కాని శెట్టి అతనితో చాలాకాలం ముఖం చూసి మాట్లాడలేదు. విజయ ఆ ఆదివారమే పిల్లలతో వచ్చింది. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆరోజు మధ్యాహ్నానికి మేస్త్రీ వచ్చాడు. గది బయట నిలబడి గోడను తట్టి చూసి, "ఎంత ఎత్తున కొట్టాల సారూ? తలకాయంత ఎత్తా?" అని అడిగాడు.

"నేలకు ఆనించి."

"నేలకా? కుక్కలు దూరతాయి గదప్పా!"

"వల వేయించు. కుక్కలు రాకుండా, గాలి పోయేటట్టు."

అతనికి అర్థం కాలేదు. సుద్దముక్క అడిగి తీసుకున్నాను. కర్ర గోడకు ఆనించి, సరోజమ్మ భుజం పట్టుకొని మెల్లగా నేల మీద కూర్చున్నాను. సుద్దను పిడికిలితో పట్టుకొని, అదుందో లేదో కళ్లతో చూసుకుంటూ, గోడ అడుగున చతురస్రం గీశాను. ఒక పక్క గీత బాగా వంకరపోయింది.

"చెరిపి నేను సరిగ్గా గీస్తా ఉండు" అన్నాడు మేస్త్రీ.

"చెరపొద్దు. దాని మీదే కొట్టు."